కల్పితభాషలో సూర్యుని పేరు

భాష యనునది తరతరములుగా జనుల నోటఁ బెరుగునదే కాని యొకఁడు కూర్చుండి చేయునది కాదని మన మందఱ మనుకొందుము. అట్లు చేయఁబడిన భాషలును గలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఎస్పెరాంటో. లుడ్విక్ జామెన్‌హోఫ్ అను కంటివైద్యుఁడు దానిని నిర్మించి, 1887లో వార్సా నగరమున మొదటి పుస్తకమును ప్రకటించెను. ఆ భాషలో సూర్యునికి "సూనో" అని పేరు. ఈ మాట నాతఁడు ఊరక కల్పించెనా, యెచ్చటనుండియైనఁ దెచ్చెనా యని మేమిచట విచారింతుము.

జామెన్‌హోఫ్ 1859లో బియలిస్టాక్ పట్టణమున యూదుల యింటఁ బుట్టెను. అది యప్పుడు రష్యా సామ్రాజ్యములోనిది. నేఁడు పోలండు దేశమున నున్నది. ఆ యూర రష్యనులు, పోలులు, జర్మనులు, యూదులు వేఱువేఱు భాషలు మాటలాడుచు, ఒకరినొకరు శత్రువులవలెఁ జూచుకొనుచుండిరి. ఈ వైరము బాలుఁడగు జామెన్‌హోఫ్ మనస్సును మిగుల నొప్పించెను. అందఱికిని సమానమైన భాష యొకటి కావలెనను తలంపు అచ్చటనే మొలకెత్తినది.

ఆ నాలుగు భాషలలో సూర్యుని పేరెట్లున్నదో చూడుఁడు. రష్యనులు సోన్‌త్సె యందురు. పోలులు స్వోన్‌త్సె యందురు. జర్మనులు జొన్నె యందురు. యూదుల యిడ్డిష్ భాషలో జున్. వీని ప్రక్కను ఆంగ్లేయుల సన్ చేర్చితిమేని సూనో యెవరి బంధువో వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. చివరి ఓకారము మాత్రము జామెన్‌హోఫ్ చేర్చినది. ఆ భాషలో నామవాచకములన్నియు నట్లే ముగియును. కలహించుకొను నలువురును ప్రతిదినము ఒక్క పేరునే కొంచెము మార్చి పలుకుచుండిరన్నమాట!

లాటినులో సూర్యుఁడు సోల్. ఎస్పెరాంటోకుఁ గొలఁదియేండ్ల ముందు ష్లేయర్ అను జర్మను మతాచార్యుఁడు చేసిన వోలాప్యూక్ భాషలో సూర్యుని పేరు సోల్ అనియే యున్నది. ఎస్పెరాంటోలో నట్లు చేసిన చిక్కు గలదు. అందు "సోలా" యనఁగా ఒంటరియైన యని యర్థము. "సూనా" యనఁగా సూర్యసంబంధమైన యని యర్థము. రెంటికి నొకే ధాతువైనచో, వినువాఁడు సందర్భము వెదకుకొనవలసినదే. 1951లో వెలువడిన ఇంటర్‌లింగ్వా నిఘంటువు ఈ చిక్కును లెక్కింపలేదు. అందు సూర్యుఁడును సోల్, ఒంటరియు సోల్. మాకు జామెన్‌హోఫ్ మార్గమే మేలని తోఁచుచున్నది.

అయితే సోల్, సన్ అనునవి నిజముగా వేఱుజాతి మాటలా? కావు. ఐరోపా భాషలకును సంస్కృతమునకును మూలమైన ప్రాచీనభాషలో సూర్యుని తెలుపు నామము కొన్ని రూపములందు లకారముతోను, కొన్నింట నకారముతోను ఉండెడిదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ప్రాచీన ఇరానువారి అవెస్తా భాషలో నీ మార్పు జాడ కలదు. లకారముగల రూపమునుండి లాటిను సోల్ కలిగెను. నకారముగల రూపమునుండి జొన్నె, సన్ కలిగినవి. సంస్కృతమున ఆ లకారమే రేఫమై స్వర్, సూర్య అను మాటలయ్యెను.

కాఁబట్టి మన మనుదినము పలుకు సూర్యుఁడు సూనోకు దూరపుచుట్టమే. మన అచ్చతెనుఁగు ప్రొద్దునకు మాత్రము వీనితోఁ జుట్టఱికము లేదు. అందఱికిని సమానమన్న యా భాష ఐరోపా బాలునికిఁ దేలికగాఁ బట్టుపడును. మన బాలునికి సూర్యశబ్దమువలన కొంత యాధారము దొరకును. చీనా బాలుఁడు మాత్రము దానిని మొదటినుండి వల్లెవేసికొనవలసినదే.