మంచు మీద అట్లకాడ

మా మనవరాలికి స్కీయింగ్ పిచ్చి. మూడేళ్ళుగా చలికాలం వచ్చిందంటే గుల్‌మార్గ్ ప్రయాణమే. మొన్న వచ్చి, "తాతయ్యా, ఈసారి పౌడర్ మంచులోకి దిగుతాను. దానికి వాడే స్కీలు నేల మీద పెడితే రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. వంకరపోయాయేమో అనుకున్నాను" అంది. వంకరపోలేదు తల్లీ, కిటుకంతా ఆ వంపులోనే ఉంది.

మామూలు స్కీని నేల మీద పెడితే నడుము కాస్త పైకి లేచి, ముందూ వెనకా కొసల దగ్గర ఆనుతుంది. దీన్ని క్యాంబర్ అంటారు. మనిషి ఎక్కగానే నడుము దిగుతుంది, ఆ బరువు కొసల దాకా పాకుతుంది. గట్టి మంచు మీద అంచు పొడవునా పట్టు దొరికేది అందుకే. రివర్స్ క్యాంబర్ దీనికి తలకిందులు. నడుము నేలకానుతుంది, కొసలు పడవ ముక్కులా లేస్తాయి.

మనవరాలిని వంటింట్లోకి తీసుకెళ్ళి, పళ్ళెంలో బియ్యప్పిండి గుమ్మరించాను. స్టీలు స్కేలు ఇచ్చి పిండిలోకి తొయ్యమన్నాను. కొస కిందికి దూరి, ముందు పిండి గుట్టపడి ఆగిపోయింది. ఇప్పుడు చెంచా బోర్లించకుండా, బొడ్డు కిందికుంచి తొయ్యమన్నాను. పిండి చెంచా కిందికి జారిపోయింది, చెంచా పైన తేలుతూ సాగింది. రెండుసార్లు తోసి చూసి, "అర్థమైంది తాతయ్యా" అంది.

అప్పుడే కురిసిన పొడి మంచు ఘనమీటరు బరువు వంద కిలోలు కూడా ఉండకపోవచ్చు. అదే నీళ్ళైతే వెయ్యి. అంటే ఆ మంచులో ఎక్కువ భాగం గాలే. అందులో నిలబడాలంటే కుదరదు, దాని మీద తేలాలి. డెబ్బై అయిదు కిలోల మనిషి బూట్లతో నిలబడితే చదరపు సెంటీమీటరుకి దాదాపు 125 గ్రాముల బరువు పడుతుంది. వెడల్పాటి స్కీలెక్కితే అది 18 గ్రాములకు దిగుతుంది. మిగతా పని వేగానిది. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తుంది కదా, వేగం తగ్గగానే మునుగుతుంది. ఇక్కడా అంతే.

ఈ సంగతి షేన్ మెకాంకీకి తట్టింది. కెనడాలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న స్కీయరు. పౌడర్ మంచు నీటికి దగ్గర చుట్టమైతే, నీటి మీద వాడే స్కీలే ఎందుకు వాడకూడదనుకున్నాడు. వాటర్ స్కీలకు బూట్లను పట్టి ఉంచే బైండింగులు బిగించి అలాస్కా కొండల మీంచి దిగాడు. 2002 ప్రాంతంలో ఆయన ఆలోచనతో వోలాంట్ కంపెనీ తెచ్చిన స్కీ పేరు స్పాచులా. మన భాషలో అట్లకాడ! కొసలు లేచి ఉండటమే కాదు, మిగతా స్కీల్లా నడుము సన్నంగా లేదు, అక్కడే వెడల్పు. మెకాంకీ 2009లో ఇటలీ కొండల్లో చనిపోయాడు. ఈనాడు పౌడర్ కోసం చేసే స్కీలలో ఆయన ఆలోచన ఎంతో కొంత కనిపిస్తుంది. అంతటి మనిషిని తలుచుకోకుండా ఈ కబురు చెప్పలేను.

ఎంచుకోవడం మాటకొస్తే, నడుము వెడల్పు 105 నుంచి 120 మిల్లీమీటర్లుంటే పౌడర్‌కి బాగుంటుంది. కొసలు లేచినందువల్ల మంచుకానే భాగం తగ్గుతుంది కనుక, రోజూ వాడేదానికంటే అయిదు, పది సెంటీమీటర్లు పొడుగు తీసుకోవచ్చు. రోజంతా పౌడరే దొరకదు కాబట్టి, మా మనవరాలికి నేను చెప్పింది కొసల్లో రాకర్ (అదే, పైకి లేచే వంపు), పాదం కింద కొద్దిగా క్యాంబర్ ఉన్న రకం. పూర్తి రివర్స్ క్యాంబర్ గట్టి మంచు మీద పట్టు తప్పుతుంది.

తొక్కేటప్పుడు పాత అలవాటు మానాలి. ముక్కు మునుగుతుందని వెనక్కి వాలితే తొడలు మండిపోతాయి. పాదాల మీద నిటారుగా, మోకాళ్ళు సడలించి, రెండు కాళ్ళ మీదా సమానంగా బరువుంచు. మలుపులో అంచు కోయకు, అట్లపిండిని పెనం మీద గరిటెతో పరిచినట్టు పక్కకి జార్చు.

ఒక్కటి మాత్రం మరవకు తల్లీ. గుల్‌మార్గ్‌లో గొండోలా అఫర్వత్ కొండ మీద నాలుగు వేల మీటర్ల దగ్గర దాకా తీసుకెళ్తుంది, అక్కడ మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉంది. మంచులో కూరుకుపోయినవాళ్ళ జాడ పట్టే ట్రాన్సీవరు, పార, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర లేకుండా, గైడు లేకుండా, ఒంటరిగా హద్దు గీత దాటి వెళ్ళకు.