రెండు గుర్రాలు, నాలుగు తరాలు, ఒక పొలం

ఊరి బయట నాలుగెకరాలు కొని పెద్దలూ పిల్లలూ అందరం ఒకచోట ఉందామన్న మాట ఈమధ్య మన తెలుగు కుటుంబాల్లో తరచుగా వినిపిస్తోంది. హోసూరులో మా ఇంట ఆ మాట గుర్రాల వల్ల వచ్చింది.

హోసూరుకు గుర్రాలు కొత్త కాదు. 1824లో ఇక్కడ పెట్టిన పశువుల ఫారం మొదట సైన్యానికి గుర్రాలను పెంచడానికే ఏర్పడింది. మా మామగారు జట్కా తోలి ముగ్గురు పిల్లలను చదివించారు. జట్కాలు పోయాయిగాని ఆయన గుర్రాలను వదలలేదు. ఇప్పుడు ఒక ముసలి ఆడగుర్రం, దాని కూతురు మిగిలాయి. వీధి ఇరుకైంది, ఇరుగుపొరుగు సణుగుతున్నారు. "అమ్మేయండమ్మా, నాకేమీ బాధ లేదు" అన్నారు మామగారు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఎనభై రెండేళ్ల ఆయన మొదలుకొని నాలుగేళ్ల మా మనవరాలి వరకు తొమ్మిదిమందిమి కూర్చుని, పొలం వెతుకుదామని నిర్ణయించుకున్నాం.

మొదట డెంకణికోట, తళి వైపు చూశాం. ఎర్రనేల, నీళ్లు నిలవవు, గిట్టలకు మంచిది. ధర కూడా తక్కువే. కాని రాగి కోతకొచ్చే రోజుల్లో ఏనుగులు అడవి దాటి చేలల్లోకి వస్తాయి. రాత్రిపూట ముసలివాళ్లు, పసిపిల్ల ఉండే ఇంటికి అది తగదనుకున్నాం.

అత్తిబెలె దాటి కర్ణాటకలోనూ విచారించాం. వ్యవసాయదారులు కానివారు అక్కడ సాగుభూమి కొనడానికి ఉన్న అడ్డంకులు 2020లో తొలగాయి. అయినా షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ప్రభుత్వం ఇచ్చిన భూమిని 1978 నాటి చట్టం ప్రకారం అనుమతి లేనిదే కొనకూడదు. తమిళనాడులో పంచమి భూములు అటువంటివే. ఒక దళారి చూపిన చక్కని తోట పంచమి భూమి అని పాత రికార్డు తిరగేస్తేనే తెలిసింది. పేదల హక్కున్న నేల మీద ఇల్లు కట్టుకోవడం మాకు ఇష్టం లేదు, వెనక్కి వచ్చేశాం. పట్టా, చిట్టా, అడంగల్, ముప్ఫై ఏళ్ల విల్లంగ సర్టిఫికెట్, సర్వే పటం చూడకుండా బయానా ఇవ్వకండి.

గుర్రాలున్న ఇంటికి మరికొన్ని లెక్కలు ఉంటాయి. ఒక్కో గుర్రం రోజుకు పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్లు తాగుతుంది. అందుకని బోరును వానలప్పుడు కాదు, ఏప్రిల్‌లో పరీక్షించాలి. మన వర్షాధారపు నేలలో రెండెకరాల పచ్చిక కూడా ఏడాది పొడుగునా ఒక గుర్రానికి చాలదు, ఎండుగడ్డి నిలవచేసే చోటు కావాలి. ముళ్లతీగ కంచె చర్మాన్ని చీరేస్తుంది. గట్టున అందంగా పూసే గన్నేరు విషం, దాన్ని వేళ్లతో సహా తీయించాలి. గుర్రం వాంతి చేసుకోలేదు కనుక తినకూడనిది తింటే ప్రాణం మీదికి వస్తుంది.

చివరికి కెలమంగళం వైపు మూడున్నర ఎకరాలు కుదిరింది. ఏప్రిల్ నెలాఖరున కూడా బోరులో నీళ్లున్నాయి, ఆసుపత్రి అరగంట దూరం.

ఇక పట్టా ఎవరి పేరున అన్న ప్రశ్న వచ్చింది. మా ఆడపడుచు బెంగళూరు నుంచి తన వాటా డబ్బు పంపింది. "దానికెందుకు, పెళ్లైపోయిన పిల్ల" అని ఒక చుట్టం అన్నాడు. తమిళనాడులో 1989లోనే ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. ఇది కొన్న ఆస్తి, డబ్బు పెట్టినవారి పేరు ఉండడమే న్యాయం. మామగారు కర్ర నేలకు తాటించి, "ముగ్గురి పేర్లూ రాయించండి, లేకపోతే నేను రాను" అన్నారు. అలాగే రాయించాం.

పొలం వెతికే మన కుటుంబాలకు నేను చెప్పేది ఒక్కటే. నేల కంటే ముందు ఇంట్లో అందరి మనసులూ కొలుచుకోండి. కంచె వేసే పని నడుస్తోంది. మామగారు రోజూ వెళ్లి గన్నేరు వేళ్లు మిగిలాయేమోనని చూసి వస్తున్నారు.