కలివి కోడీ... ఎక్కడున్నావు?

చచ్చిపోయిందని పుస్తకాల్లో రాసేశాక తిరిగొచ్చింది. అడ్డొచ్చిన కాలువనే పక్కకు జరిపించింది. ఆ తర్వాత మళ్లీ కనపడకుండా పోయింది. 2025లో ఓ రాత్రి చీకట్లోంచి గొంతు మాత్రం వినిపించి 'ఉన్నా' అంది. కడప జిల్లా ముళ్లపొదల్లో బతికే ఓ చిన్న పిట్ట కథ ఇది.

పొద్దు గూకుతుంది. లంకమల కొండల వెనక ఎరుపు ఆరిపోతుంది. మేకల మందలు ఊళ్లోకి చేరుకుంటాయి. కొండ కింది పొదల్లో చీకటి చిక్కబడ్డాక, సూర్యాస్తమయం అయిన ముప్పావుగంటకో గంటకో, ఎక్కణ్నుంచో ఓ కూత మొదలవుతుంది. 'క్విక్-కూ... క్విక్-కూ...' సెకనుకోసారి చొప్పున, కొన్నిసార్లు మాత్రమే. కాసేపటికి అదీ ఆగిపోతుంది. మళ్లీ వినాలంటే మర్నాటి సాయంత్రం దాకా ఆగాల్సిందే.

ఆ కూత కోసం కొందరు ఏళ్ల తరబడి ఆ పొదల పక్కన చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. ఎందుకంటే కలివి కోడిని పగటిపూట చూసినవాళ్లు చాలా తక్కువ. ఇంగ్లిషువాళ్లు దానికి పెట్టిన పేరు జెర్డాన్స్ కోర్సర్. పేరులో కోడి ఉంది కానీ కోడికీ దానికీ ఏ సంబంధమూ లేదు. చూడ్డానికి తీతువు పిట్టకు దూరపు చుట్టంలా ఉంటుంది. జానెడుకు కాస్త ఎక్కువ, సుమారు 27 సెంటీమీటర్లు. మట్టిరంగు ఒళ్లు, రొమ్ము మీద రెండు పట్టీలు, కంటిపైన తెల్లటి గీత, పొడుగు కాళ్లు. రాత్రిపూట తిరిగేది కాబట్టి కళ్లు పెద్దవి. చెదపురుగులూ చీమలూ దాని తిండి. ఎగరగలదు, కానీ పరుగంటేనే ఇష్టం.

కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివి కోడి. కలివి అంటే వాక్కాయకు దగ్గరి చుట్టమైన ముళ్లచెట్టు. దాని పళ్ల రుచి రాయలసీమ పల్లెల్లో పశువులు కాసిన ప్రతి పిల్లాడికీ తెలుసు. పిట్ట గురించి శాస్త్రవేత్తలకు తెలియని రోజుల్లోనూ ఆ ఊళ్లవాళ్లు దానికి పేరు పెట్టుకున్నారు. కథలో ఈ విషయం తర్వాత పనికొస్తుంది.

డాక్టరుగారి పిట్ట

థామస్ జెర్డాన్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. రోగుల్ని చూడగా మిగిలిన సమయమంతా పిట్టల వెంటా పాముల వెంటా తిరిగేవాడు. అడవి గురించి అక్కడి యానాదులకు తెలిసినంత మరెవరికీ తెలియదని గ్రహించి, జంతువుల పేర్లూ అలవాట్లూ వాళ్లనడిగి రాసుకున్నాడు. ఆయన సేకరించిన ఈ పిట్ట గురించి శాస్త్రలోకానికి తెలిసింది 1848లో. ఆ తర్వాత అనంతపురం, కడప, నెల్లూరు ప్రాంతాల్లోనూ అటు గోదావరి లోయలో భద్రాచలం, సిరోంచ దగ్గరా అప్పుడప్పుడూ కనిపించింది.

1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన చూశాడు. అంతే! మళ్లీ జాడ లేదు. పక్షి ప్రేమికులు వెతికి వెతికి విసిగిపోయారు. 1970ల్లో సాక్షాత్తూ సలీం అలీ లాంటి దిగ్గజం పూనుకుని వెతికించినా ఫలితం లేకపోయింది. ఇక ఆ జాతి అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు.

(అన్నట్టు, స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఓ పాత గుడ్డు ఉంది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర దొరికిన గుడ్డది. దాని పెంకులోని డీఎన్‌ఏని పరీక్షిస్తే కలివి కోడిదేనని తేలింది. ఆ సంగతి లోకానికి తెలిసింది 2013లో. అంటే అందరూ కనుమరుగైందనుకున్న రోజుల్లో కోలారులో ఓ కలివి కోడి నిక్షేపంగా గుడ్డు పెట్టిందన్నమాట!)

టార్చిలైటు వెలుగులో...

1980ల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మరోసారి ప్రయత్నించింది. ఈసారి వచ్చిన యువ శాస్త్రవేత్త భరత్ భూషణ్ పక్షి కోసం నేరుగా అడవిలోకి వెళ్లలేదు. ముందు ఊళ్లోకి వెళ్లాడు. పిట్ట బొమ్మ వేసిన కాగితాలు పట్టుకుని పల్లెపల్లెకూ తిరిగి 'దీన్నెక్కడైనా చూశారా' అని అడిగాడు. పిట్టలు పట్టేవాళ్లలో కొందరు బొమ్మ చూడగానే గుర్తుపట్టారు. 'ఇది కలివి కోడి కదా!' అన్నారు. పగలు కనపడదనీ రాత్రి తిరుగుతుందనీ వాళ్లే చెప్పారు. అదివరకు వచ్చినవాళ్లు పగలు ఎంత వెతికినా దొరక్కపోవడానికి కారణం అప్పటికి తెలిసింది.

1986 జనవరిలో రెడ్డిపల్లెకు చెందిన ఓ వేటగాడు రాత్రివేళ పొదల్లోకి వెళ్లాడు. టార్చిలైటు వెలుగు కళ్లల్లో పడేసరికి ఓ పిట్ట కదలకుండా నిలబడిపోయింది. చేత్తో పట్టి ఇంటికి తెచ్చాడు. అదే కలివి కోడి. 86 ఏళ్ల తర్వాత!

ఆ కబురు సలీం అలీకి చేరేసరికి ఆయన వయసు 89 ఏళ్లు. జీవితమంతా పిట్టలకే ఇచ్చిన మనిషి, తన కాలంలో చూడలేననుకున్న పక్షి దొరికిందన్న మాట వినగలిగాడు. మరుసటి ఏడాదే కన్నుమూశాడు. పట్టుకొచ్చిన పిట్ట మాత్రం, పాపం, ఎక్కువ రోజులు బతకలేదు. కానీ ఆ పొదల్లో అలాంటివి ఇంకా ఉన్నాయని తేలింది. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. అదే ఏడాది సిద్ధవటం, బద్వేలు ప్రాంతాల్లోని 464 చదరపు కిలోమీటర్ల అడవిని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు.

బీడే దాని ఇల్లు

అడవి అనగానే మనకు గుర్తొచ్చేవి ఆకాశాన్నంటే చెట్లు, పులులు, జలపాతాలు. కలివి కోడికి అవేమీ అక్కర్లేదు. కొండ దిగి ఊరి పొలాలు మొదలయ్యే లోపు ఉండే రాళ్లనేల, అక్కడక్కడా రేగుపొదలు, కలివిపొదలు, వాటి మధ్య ఖాళీ జాగా... ఇదీ దానిక్కావలసిన ఇల్లు. రెవెన్యూ రికార్డుల భాషలో బీడు, బంజరు.

2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్లపాటు శాస్త్రవేత్త పంచపకేశన్ జగన్నాథన్, ఆయన సహచరులు ఆ నేలను అంగుళం అంగుళం కొలిచారు. రాత్రి తిరిగే పక్షిని లెక్కపెట్టడమెలా? పొదల మధ్య మెత్తటి జల్లెడమట్టిని పట్టీలుగా పరిచారు. పొద్దున్నే వెళ్లి వాటిమీద కాలిముద్రలు వెతికారు. నక్కా కుందేలూ తీతువూ కౌజూ నడిచిన గుర్తుల మధ్య కలివి కోడి మూడువేళ్ల ముద్రను కొలతలు వేసి మరీ పోల్చుకున్నారు. వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. సాయంత్రాలు దాని కూతను టేపులో వినిపించి జవాబు కోసం ఎదురుచూశారు.

అలా తేలిందేమిటంటే... హెక్టారుకు 300 నుంచి 700 దాకా మనిషెత్తును మించిన పొదలుండాలి. చిన్నపొదలు వెయ్యికి మించకూడదు. పొదలు మరీ పలచబడితే దాక్కునే చోటుండదు. మరీ చిక్కబడితే పరుగెత్తే దారుండదు.

మరి ఆ పొదల్ని అలా పలచగా ఉంచేదెవరు? మేకలు, గేదెలు, కట్టెలు కొట్టుకునే జనం! ఓ మోస్తరు మేత ఉన్నచోటే ఈ పక్షి జాడలు కనిపించాయి. కాబట్టి చుట్టూ కంచె వేసి మనుషుల్నీ పశువుల్నీ తరిమేస్తే పని జరగదు, పొదలు అల్లుకుపోతాయి. అలాగని ఇష్టారాజ్యంగా నరికినా పని జరగదు. పులికి పనికొచ్చే పద్ధతి ఈ పిట్టకు పనికిరాదు. అభయారణ్యం బోర్డు పెట్టేసి ఊరుకునే శాఖలకు ఇది కొరుకుడు పడని వ్యవహారమే.

ఇంతలో బీడు కాస్తా కరిగిపోతోంది. బోరు పడితే చాలు, పొదలు పోయి నిమ్మతోట వస్తుంది. మరోచోట రాళ్ల క్వారీ. రైతును తప్పుపట్టడానికి లేదు. కడప జిల్లాలో నీటిచుక్క విలువేమిటో వందల అడుగులు తవ్వినా బోరు ఎండిపోయినవాణ్ని అడగాలి.

కాలువా... కోడా?

అసలు పరీక్ష ఆ నీటి రూపంలోనే వచ్చింది. మద్రాసు దాహం తీర్చడానికీ దారిలో రాయలసీమ, నెల్లూరు పొలాలకు నీరివ్వడానికీ ఎన్టీఆర్ హయాంలో 1983లో మొదలైంది తెలుగుగంగ. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా కృష్ణ నీళ్లు పూండి చేరాలి. ఆ ప్రాజెక్టు కాలువల్లో ఒకటి సరిగ్గా కలివి కోడి ఉండే పొదల మీదుగా పోవాల్సి వచ్చింది. 2005లో యంత్రాలు దిగాయి. పొదలు లేచిపోయాయి. అంతకుముందు దాకా అక్కడ కాలిముద్రలు వెతుకుతున్న పరిశోధకులే ఆ సంగతి గమనించి గగ్గోలు పెట్టారు.

'ఓ పిట్ట కోసం జిల్లా నోట్లో మట్టి కొడతారా?' అని ఒకవైపు ప్రశ్న. కరవు చూసిన నేల మీద అది అడగదగ్గ ప్రశ్నే. 'ప్రపంచంలో మరెక్కడా లేని ప్రాణిని కాలువ కింద పూడ్చేస్తామా?' అని మరోవైపు. మామూలుగా ఇలాంటి తగాదాల్లో ఎవరు ఓడిపోతారో అందరికీ తెలుసు. ఇక్కడ మాత్రం పనులు ఆగాయి. కాలువ దారి మార్చాలనీ, పక్షికి అవసరమైన భూమిని అటవీశాఖకు అప్పగించాలనీ నిర్ణయించారు. నీళ్లు వద్దని ఎవరూ అనలేదు, కాలువ కాస్త చుట్టూ తిరిగి వెళ్లమన్నారంతే. మ్యాపు మీద గీత గీసేముందే పొదలు చూసినవాళ్లను ఓ మాట అడిగి ఉంటే ఆ రగడే ఉండేది కాదు.

కానీ ఆ గెలుపును చూడ్డానికి పిట్ట ఉండాలి కదా! ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి కూత వినిపించడం తగ్గి, ఆగిపోయింది. ఏళ్ల తరబడి వెతికారు. పొదలు అక్కడే ఉన్నాయి, పిట్ట జాడ లేదు. కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్లు లేరు. ఈ పరిస్థితి సీమకు కొత్త కాదు. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం ఉంది. బట్టమేక కనిపించడమే అరుదైపోయింది.

చీకట్లో రెండక్షరాలు

2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి రాత్రివేళ ఆ కూతను మళ్లీ రికార్డు చేసింది. పదిహేనేళ్లకు పైబడిన నిశ్శబ్దం తర్వాత! ఒక్క కూతతో సంఖ్య తెలియదు. ఎదిగిన పక్షులు 50 నుంచి 249 మధ్య ఉండొచ్చన్నది అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వేసిన అంచనా. ఆ జాబితాలో ఇది 'అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న' జాతి. అడవిలో దాని గూడు ఎలా ఉంటుందో ఇన్నేళ్ల పరిశోధనలో ఎవరికీ కనపడనే లేదు.

కబురు పొక్కగానే కెమెరాలేసుకుని బయల్దేరేవాళ్లతో మరో చిక్కు. సెల్‌ఫోనులో కూత పదేపదే వినిపిస్తే పక్షి తన జాగాలోకి మరో పక్షి వచ్చిందనుకుని కంగారుపడుతుంది. ఇక టార్చిలైటు వెలుగు పడితే ఏమవుతుందో 1986లోనే తెలిసింది, కదలకుండా నిలబడిపోతుంది. నక్కకైనా కుక్కకైనా అంతకన్నా ఏం కావాలి?

సిద్ధవటం, బద్వేలు వైపు ఊళ్లలో మందలు తోలుకెళ్లేవాళ్లు, పొలానికి రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. పొద్దుగూకిన గంటకు పొదల్లోంచి 'క్విక్-కూ' అని వినిపిస్తే లైటు వేసి వెతక్కుండా, ఏ చోట ఏ వేళప్పుడు విన్నారో గుర్తుపెట్టుకుని దగ్గర్లోని అటవీ సిబ్బందికి చెబితే చాలు.