ఒక్క చేలో పండితే చాలదు

బాపట్ల: ఫలానా ఊళ్ళో కొత్త రకం ఎకరాకు ఇన్ని బస్తాలు అయిందట అన్న మాట చెవిన పడగానే ఆ విత్తనం కోసం పరుగెత్తడం మన డెల్టా పల్లెల్లో మామూలే. ఆ పంట విత్తనం వల్ల వచ్చిందా, ఆ చేను తూము పక్కన ఉండడం వల్ల వచ్చిందా అని అడిగేవారు తక్కువ. తేడా వస్తే ముందు మునిగేది కౌలు రైతు. పండినా పండకపోయినా ఆసామికి ఒప్పుకున్న బస్తాలు కొలవక తప్పదు.

మూడు ఊళ్ళు, మూడు నేలలు

2022లో బాపట్ల, రేపల్లె వేరే జిల్లాగా ఏర్పడి తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయినా, మూడింటికీ నీరు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలదే. భూములు మాత్రం ఒక్క తీరు కావు. తెనాలి వైపు బరువైన నల్ల నేలలు. బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఇసుక నేలలు. రేపల్లె దిగువన కాలువ చివరి భూములకు నీరు ఆలస్యం, పైగా చౌడు బెడద. నీరు ఆలస్యమయ్యే చోట నారు పోయకుండా పొడి దుక్కిలోనే వెద పెట్టేవారున్నారు. కాలువ నీరు అందేదాకా ఆ పైరు మెట్ట వరి లాగా వాన మీదనే బతకాలి. ఇన్ని చోట్లకు ఒకే విత్తనం సరిపోతుందని ఎవరు చెప్పగలరు?

పరీక్ష ఇలా

అందుకే శాస్త్రజ్ఞులు ఒక్క క్షేత్రంలో చూసి ఏ రకాన్నీ మెచ్చుకోరు. 1965లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం మొదలైంది. దాని కింద ఒకే రకాలను పలు రాష్ట్రాల క్షేత్రాలలో నాటి పోల్చుతున్నారు. రైతుకు తెలిసిన పాత రకాన్ని కూడా పక్కనే వేస్తారు. ఒక మడి సారం మరో మడికి ఉండదు కనుక ఒక్కో రకాన్ని పలు మడులలో నాటుతారు. కొన్నేళ్ళు నెగ్గినవాటిని చిరుసంచులలో రైతులకిచ్చి వారి చేలలో చూస్తారు.

దిగుబడి వేరు, నిలకడ వేరు

ఒక రకం మంచి ఏడు 40 బస్తాలు, చెడ్డ ఏడు 16 బస్తాలు ఇచ్చిందనుకుందాం. మరొకటి 31, 25 ఇచ్చిందనుకుందాం. రెండింటి సగటూ 28 బస్తాలే. కౌలు 18 బస్తాలయితే, చెడ్డ ఏడు మొదటి రకం వేసినవారు కౌలుకే 2 బస్తాలు బయట తేవాలి. రెండో రకం వేసినవారికి 7 బస్తాలు మిగులుతాయి.

ఈ నిలకడను కొలిచే పద్ధతి ఒకటి 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎబర్‌హార్ట్, రస్సెల్ చూపారు. పరిస్థితులు మెరుగయ్యేకొద్దీ ఒక రకం దిగుబడి ఎంత పెరుగుతుంది, ఆ లెక్క తప్పకుండా ఎంతవరకు నిలుస్తుంది అన్నదే అందులోని సారం. కొన్ని మంచి నేలలోనే రాణిస్తాయి. కొన్ని ఇబ్బందుల్లోనూ తట్టుకుంటాయి. నీరు సకాలంలో అందే రైతుకు మొదటివి పనికిరావచ్చు. కాలువ చివరి రైతుకు రెండోవే మేలు.

సాంబ మసూరి సంగతి

బాపట్ల పరిశోధన క్షేత్రంలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) సన్న బియ్యంగా ఇతర రాష్ట్రాలకూ పాకింది. కాని ఆకు ఎండు తెగులు, అగ్గి తెగులు, సుడిదోమ తగిలితే తట్టుకోలేదు. హైదరాబాదులోని వరి పరిశోధన డైరెక్టరేట్, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఆకు ఎండు తెగులును ఆపే మూడు జన్యువులను చేర్చి మెరుగుపరచిన సాంబ మసూరిని తయారు చేయగా, అది 2008లో విడుదలైంది. మంచి పేరున్న విత్తనానికి కూడా నిలకడ కోసం ఇంత కృషి అవసరమైంది.

తుపానుదీ ఇదే లెక్క. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను రెండూ వరి చేతికొచ్చే వేళకే వచ్చాయి. గాలికి పడిపోని కాండం, తడిసినా కొన్నాళ్ళు కంకి మీద మొలకెత్తని గింజ కూడా నిలకడ కిందికే వస్తాయి.

రైతులు చేయదగినది

కొత్త రకం వచ్చినప్పుడు చేనంతా వేయకుండా పది సెంట్లలో, పాత రకం పక్కనే, అదే ఎరువుతో వేసి చూడాలి. రెండింటినీ విడిగా నూర్చి తూకం వేసి రాసుకోవాలి. ఎగువన ఒకరు, దిగువన ఒకరు ఇలాగే చూస్తే ఇంకా మంచిది. విత్తనం అమ్మేవారిని బాగా పండిన ఏడు ఎన్ని బస్తాలని కాక, చెడిపోయిన ఏడు ఎన్ని వచ్చాయని అడగాలి.