బీరువాలో దాదా వాచీ ఉందా? కీ ఇచ్చే ముందు ఇది చదవండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు చాలా ఇళ్లలో బీరువా లాకర్ తెరిస్తే పాత నిఖానామా, గడువు తీరిన పాస్‌పోర్టుల పక్కన ఒక వాచీ కనిపిస్తుంది. దాదాకు నిఖాలో అత్తగారింటివాళ్లు పెట్టిన హెచ్ఎంటీ కావచ్చు, అబ్బా కువైట్ నుంచి తొలి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చుకున్న సీకో కావచ్చు. ఎన్నేళ్లుగానో ఆగిపోయి ఉంటుంది. కొత్త సెల్ వేయిద్దామని పిల్లలు అంగడికి పట్టుకుపోతారు. దాంట్లో సెల్ ఉండే చోటే లేదు.

కీ తిప్పినప్పుడు లోపల ఒక ఉక్కు స్ప్రింగ్ చుట్టుకుంటుంది. అది నెమ్మదిగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. ఆ వేగాన్ని అదుపులో పెట్టేది బ్యాలెన్స్ చక్రం. హెచ్ఎంటీ జనతా, పైలట్ లాంటి వాటిలో ఇది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు లెక్కేస్తే 4,32,000. డయల్ మీద 17 జువెల్స్ అని రాసి ఉండేది చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టిన రాళ్ల గురించి. అవి కృత్రిమ కెంపులు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో చూపించినా వాటికి ధర పలకదు.

"కీ ఎక్కువ ఇచ్చేసినాం, టైట్ అయి ఆగిపోయింది" అనే మాట అందరి నోటా వింటాం. ఇది నిజం కాదు. స్ప్రింగ్ నిండా చుట్టుకున్నా వాచీ నడవడం లేదంటే, చాలాసార్లు కారణం లోపలి నూనె ఎండి జిగురైపోవడమే. కదిలిస్తే కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది. అలా నూనె లేకుండా నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. కాబట్టి ఏళ్లుగా ఆగి ఉన్న వాచీకి ముందు సర్వీసింగ్, ఆ తర్వాతే కీ.

ఇక్కడే జాగ్రత్త కావాలి. హెచ్ఎంటీ వాచీల తయారీ 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైంది. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. పోయిన పార్టు కోసం చాలాసార్లు ఇంకో పాత వాచీని విప్పాల్సి వస్తుంది. "మిషన్ తీసేసి సెల్ మిషన్ వేస్తా, చౌకగా అయిపోతుంది" అంటే ఒప్పుకోవద్దు. డయల్‌కు కొత్త రంగు కూడా వద్దు. మరకలున్నా అది దాదా చూసిన డయల్. మార్చిన పార్టు ఏదైనా ఉంటే పాతది అడిగి తెచ్చుకోండి. ఆన్‌లైన్‌లో తళతళలాడే "పాత" హెచ్ఎంటీలు కొనేవారికి ఒక మాట: వాటిలో చాలావాటి డయల్స్ కొత్తగా రంగు వేసినవే.

సర్వీసింగ్ అయ్యాక పని సులువు. రోజూ ఒకే వేళకు, ఫజర్ తర్వాత అనుకుంటే మర్చిపోరు, చేతి నుంచి తీసి కీ ఇవ్వాలి. చేతికి ఉండగా తిప్పితే కీ కడ్డీ మీద పక్కకు ఒత్తిడి పడుతుంది. సుమారు 25, 30 చుట్లు తిప్పాక వేలికి గట్టిగా తగులుతుంది. అక్కడ ఆపేయాలి. ఒకసారి ఇస్తే దాదాపు 40 గంటలు నడుస్తుంది. పాత సీకో 5 లాంటి ఆటోమేటిక్ వాచీల్లో చాలావాటికి కీతో చుట్టడం ఉండదు, చేతి కదలికే కీ. వాటిలో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 లోపు తేదీ మార్చకూడదు. ఆ సమయంలో తేదీ మార్చే పళ్లు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

మన ఇళ్లలో ఈ వాచీలకు అసలు గండం వుజూ. మోచేతి పైకి జరిపి కడుక్కుంటే నీళ్లు కారుతూ నేరుగా కీ సందులోకి పోతాయి. లోపలి రబ్బరు ఎప్పుడో గట్టిపడి ఉంటుంది. తీసి జేబులో పెట్టుకోండి, అయితే ఫోన్ ఉన్న జేబులో కాదు. ఫోన్ స్పీకర్‌లోని అయస్కాంతం సోకితే వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. దాన్ని తీయించడం మెకానిక్‌కు నిమిషం పని. అద్దం లోపల ఆవిరి పడితే మాత్రం ఎండలో పెట్టకుండా అదే రోజు చూపించండి. తుప్పు తెల్లారేదాకా ఆగదు.

బాగున్న పాత వాచీ కూడా రోజుకు అర నిమిషం అటూ ఇటూ పోతుంది. మామూలు రోజుల్లో అది లెక్కలోకి రాదు, రంజాన్‌లో వస్తుంది. పులివెందుల ప్రొద్దుటూరుకు పడమర కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ పొద్దు ఒక నిమిషం పైచిలుకు ఆలస్యంగా కుంకుతుంది. జమ్మలమడుగు మధ్యలో ఉంటుంది. అందుకే ముందు మీ ఊరి టైమ్‌టేబుల్ చూసుకోవాలి. వాచీని అసర్ నమాజ్ అయ్యాక ఫోన్ టైమ్‌తో సరిచేసుకుంటే, ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు తేడా కొద్ది సెకన్లే.