సంగీత పత్రికల రంగుల వెనుక యువజన విపణి

పత్రికలో పాట వినిపించదు. అయినప్పటికీ గత శతాబ్దపు ద్వితీయార్ధంలో సంగీత పత్రికలు లక్షలాది యువతీయువకులను తమ వైపు తిప్పుకున్నాయి. చెవికి అందించలేనిదానిని కంటికి అందించడమే వాటి విజయానికి మూలం. ముఖచిత్రం, అక్షరాల తీరు, మధ్య పేజీల్లోని పోస్టరు, చివరకు వాడే కాగితం వరకూ ఏదీ కేవలం అలంకారం కోసం నిర్ణయమైనది కాదు. ప్రతిదాని వెనుక ఒక వ్యాపార లెక్క ఉంది. ఆ లెక్కలో యువ పాఠకుడు ఒకవైపు కొనుగోలుదారు, మరోవైపు ప్రకటనదారులకు అమ్ముడయ్యే సరుకు.

తొలి చూపుకే పోటీ

రైల్వే స్టేషన్లలోని పుస్తకాల స్టాళ్లలో స్థలం తక్కువ. పత్రికలను ఒకదానినొకటి కొంత కప్పేటట్లు వరుసగా పేరుస్తారు. ఆ వరుసలో ఒక్కొక్క పత్రిక పైఅంచు, ఒక పక్క అంచు మాత్రమే దారినపోయేవారి కంటపడతాయి. అందువల్లనే పత్రిక పేరును పైభాగాన పెద్ద అక్షరాలలోను, ఆ సంచికలోని ప్రముఖ గాయకుల పేర్లను అంచువెంబడిని అచ్చువేయడం ఆనవాయితీ అయింది. ముఖచిత్రంపై గాయకుడు నేరుగా కెమెరావైపు చూస్తున్న ఫోటోకు ప్రాధాన్యం లభించడానికి కూడా కారణం ఇటువంటిదే. ఎదుట నిలబడినవారికి ఆ చూపు తమ కోసమేనని అనిపించాలి.

యువత అంతా ఒక్కటే అన్న భ్రమ ఈ పత్రికలకు ఏనాడూ లేదు. 1978లో బ్రిటన్‌లో ప్రారంభమైన 'స్మాష్ హిట్స్' పాఠశాల వయస్సు పిల్లలను లక్ష్యంగా పెట్టుకున్నది. ముదురు రంగులు, పెద్ద ఫోటోలు, చిన్న చిన్న వ్యాసాలు, వాటితోపాటు ఆనాటి హిట్ పాటల సాహిత్యం అందించింది. రికార్డు కొనే స్తోమత లేనివారు సైతం పాటను నేర్చుకోగలిగారు. 1980 దశకం చివరలో ఆ పత్రిక పది లక్షల ప్రతుల స్థాయిని అందుకున్నది. 1981లో హెవీ మెటల్ అభిమానుల కోసం వెలువడిన 'కెరాంగ్' పేరే గిటారు తీగెల మోతకు అనుకరణ. ఆ పేరులోని అక్షరాలను పగిలిన అద్దంలా తీర్చిదిద్దారు. ఆ పత్రిక ఎవరి కోసమో, ఎవరి కోసం కాదో చెప్పడానికి ఆ అక్షరాలే చాలు.

అమెరికాలో 1967 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెలువడిన 'రోలింగ్ స్టోన్' ఇందుకు భిన్నమైన మార్గం తొక్కింది. 25 సెంట్ల వెలతో వచ్చిన తొలి సంచిక న్యూస్‌ప్రింటుపై, దినపత్రికలా మడతపెట్టి ఉండేది. ముఖచిత్రం సినిమా వేషంలో ఉన్న జాన్ లెన్నన్‌ది. రాక్ సంగీతాన్ని పెద్దలు పిల్లచేష్టగా భావిస్తున్న రోజుల్లో, దానికి వార్తాపత్రిక రూపమిచ్చి గంభీరత ఆపాదించడం కళాశాల వయస్సు పాఠకులను ఆకట్టుకున్నది.

గోడకెక్కిన ప్రకటన

మధ్య పేజీల్లో పోస్టరు వేయడం వెనుక కూడా అచ్చుయంత్రపు తర్కం ఉంది. పిన్నులు కుట్టిన పత్రికలో సరిగ్గా నడిమధ్య మాత్రమే రెండు పేజీలు తెగకుండా ఒకే కాగితంపై వస్తాయి. పిన్నులు విప్పితే బొమ్మ చిరగకుండా చేతికి వస్తుంది. ఆ రెండు పేజీలపై ప్రకటనల ఆదాయం పోతుందన్నది నిజమే. అయితే గోడకు అతికించిన పోస్టరు మూలన పత్రిక పేరు ఉంటే, ఇంటికి వచ్చిన ప్రతి స్నేహితుడికీ అది నెలల తరబడి కనిపిస్తుంది. పత్రికకు అది ఖర్చులేని ప్రచారం.

తెలుగునాట సినీ వారపత్రికల బ్లోఅప్‌లు, థియేటర్ల ముందు అమ్మిన పాటల పుస్తకాలు ఈ పాత్రనే నిర్వహించాయి. మన యువతకు సంగీతమంటే ప్రధానంగా సినిమా పాట కావడంతో గాయకుని స్థానంలో కథానాయకుడు ముఖచిత్రమయ్యాడు.

కలకత్తా నుంచి అలహాబాద్ దాకా

దేశంలో ఈ దిశగా జరిగిన తొలి ప్రయత్నాలలో పేర్కొనదగినది కలకత్తాకు చెందినది. 'ది స్టేట్స్‌మన్' సంస్థ 1967లో 'జూనియర్ స్టేట్స్‌మన్' అనే ఆంగ్ల యువజన పత్రికను ప్రారంభించింది. సంపాదకుడు డెస్మండ్ డాయిగ్ స్వయంగా చిత్రకారుడు. పాప్ సంగీతానికి, ఫ్యాషన్లకు అందులో పెద్దపీట వేశారు. కాలక్రమంలో పత్రిక పేరు 'జె.ఎస్.' అని రెండక్షరాలకు కుదిరింది. తండ్రి చదివే దినపత్రిక పేరుతో పుట్టిన పత్రిక, ఆ పేరును వదిలించుకుని పిల్లలదైపోయింది. పాఠకుల అభిమానం పుష్కలంగా ఉన్నా 1977లో అది మూతపడింది. అభిమానం ఒక్కటే పత్రికను నిలబెట్టదని ఆ అనుభవం చాటుతున్నది.

ఆ కాలంలోనే యువసంగీతం విలువను ప్రకటనదారులు కూడా గుర్తించారు. 1970, 1971 సంవత్సరాలలో 'సిమ్లా బీట్' పేరిట రాక్ బృందాలకు పోటీలు జరిగాయి, విజేతల పాటలతో రికార్డులు విడుదలయ్యాయి. ఆ పేరు ఒక సిగరెట్ బ్రాండుది. యువతను ఆకర్షించే రంగులు, శబ్దాలు ఎవరి ప్రయోజనానికి వినియోగపడతాయన్న ప్రశ్న అప్పటినుంచే ఉన్నది. పొగాకు ఉత్పత్తుల ప్రకటనలపై పార్లమెంటు నిషేధం విధించిన చట్టం 2003లో గాని రాలేదు.

1991లో ఉపగ్రహ టెలివిజన్ ద్వారా ఎం.టి.వి. భారతీయుల ఇళ్లలో ప్రవేశించింది. రెండేళ్ల తర్వాత, 1993లో, ఢిల్లీ, బొంబాయిలు కాక అలహాబాద్ నుంచి 'రాక్ స్ట్రీట్ జర్నల్' వెలువడటం విశేషం. దాని స్థాపకుడు అమిత్ సైగల్. కళాశాల ఉత్సవాలలో ఆంగ్ల గీతాలు పాడుకునే బృందాలకు నాడు క్యాసెట్ కంపెనీలలోగాని, టెలివిజన్‌లోగాని దాదాపు చోటు లేదు. విదేశీ తారల సరసన తమ ఫోటో అచ్చులో చూసుకోవడం ఆ బృందాలకు ఒక గుర్తింపు అయింది. ఆ పత్రిక 'గ్రేట్ ఇండియన్ రాక్' పేరిట సంగీతోత్సవాలు కూడా నిర్వహించింది. కాగితంపై కూడగట్టిన పాఠకులను ఆ విధంగా మైదానంలో శ్రోతలుగా మార్చగలిగింది. సైగల్ 2012లో గోవాలో మరణించారు. 'రోలింగ్ స్టోన్' భారతీయ సంచిక 2008లో ప్రారంభమయింది.

చేతి ఫోనులోకి చేరిన పోస్టరు

ఇంటర్నెట్ విస్తరించడంతో ఈ వ్యాపారపు పునాది కదిలింది. పాట, దాని సాహిత్యం, గాయకుడి ఫోటో ఉచితంగా దొరుకుతున్నప్పుడు వాటి కోసం పత్రిక కొనవలసిన అవసరం తీరిపోయింది. 'స్మాష్ హిట్స్' 2006లో మూతపడింది. 1952 నాటి 'ఎన్.ఎం.ఇ.' 2015లో ఉచిత పత్రికగా మారి, 2018లో వారపత్రిక ముద్రణను నిలిపివేసింది. 'క్యూ' మాసపత్రిక కోవిడ్ కాలంలో, 2020లో, నిలిచిపోయింది. అయితే 2023లో 'ఎన్.ఎం.ఇ.' పరిమిత ప్రతులతో తిరిగి అచ్చులోకి రావడం గమనార్హం. సమాచారం కోసం కాకపోయినా, దాచుకునే వస్తువుగా పత్రికకు ఇంకా గిరాకీ ఉన్నదని దీనినిబట్టి అర్థమవుతున్నది.

పత్రికలు తగ్గినా వాటి విద్య మాత్రం అంతరించలేదు. ఫోను తెరపై పాట పక్కన కనిపించే చిన్న చదరపు బొమ్మ చేస్తున్నది నాటి ముఖచిత్రం పనినే. ఒక్క వ్యత్యాసం మాత్రం ఉంది. ఆనాడు ఎంత ఆకర్షణకు లోనైనా, జేబులోని డబ్బు తీసే ముందు ఆ కుర్రవాడు స్టాలు దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించేవాడు. ఇప్పుడు వెల లేదు, ఆ క్షణమూ లేదు. ప్రకటనదారుకు కావలసిన యువ పాఠకుడు మాత్రం అప్పటిలాగే లెక్కలో ఉన్నాడు.