ఇన్సులిన్ మోతాదును సరిచూచుకొనుట

మధుమేహము అనగానే మన ఇండ్లలో నడివయస్సు దాటినవారి వ్యాధియే తలపునకు వచ్చును. మాత్రలతో, పథ్యముతో, నడకతో చాలవరకు లొంగియుండు ఆ వ్యాధికి రెండవ రకమని పేరు. మేమిచట ముచ్చటింపదలచినది మొదటి రకమును గూర్చి. ఇది తరచుగా బాల్యమునందో, యౌవనారంభమునందో పొడసూపును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే క్లోమములో ఇన్సులిన్‌ను తయారుచేయు కణములను నశింపజేయును. బిడ్డ తీపి తినుటవలన గాని, తల్లిదండ్రుల అజాగ్రత్తవలన గాని వచ్చునది కాదు. ఈ వ్యాధి గలవారికి ఇన్సులిన్ అన్నోదకములవలె జీవనాధారము.

పూర్వము ఈ వ్యాధి సోకిన పిల్లలు కొలది నెలలలోనో, ఒకటి రెండేండ్లలోనో మరణించుచుండిరి. 1922 జనవరి 11వ తేదీన కెనడా దేశమందలి టొరాంటో నగరములో లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు, బాంటింగ్, బెస్ట్ అనువారు సిద్ధపరచిన ఇన్సులిన్‌ను మొదటిసారి సూదితో ఇచ్చిరి. ఆ మందు తగినంత శుద్ధమైనది కానందున ఫలితము స్వల్పము. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన మందును జనవరి 23న ఇయ్యగా చక్కెర తగ్గినది. ఆ బాలుడు మరి పదమూడేండ్లు జీవించెను.

మందు దొరకినది, ఎంత ఇయ్యవలెనన్న ప్రశ్న మిగిలినది. అమెరికాలోని బోస్టను నగరమునకు చెందిన డాక్టరు జాస్లిన్ ఈ రోగిని రథసారథితో పోల్చెను. ఆహారము, ఇన్సులిన్, వ్యాయామము అనునవి మూడు గుఱ్ఱములు. ఒకటి వేగము పెంచిన మిగిలిన రెంటి పగ్గములను సవరింపవలెను. వైద్యుడు నెలకో, మూడు నెలలకో ఒకమారు చూచును. పగ్గములు దినమంతయు రోగి చేతిలోనో, తల్లి చేతిలోనో ఉండును. కనుక ఈ లెక్క ఇంటివారికి తెలియుట అవసరము.

ఆరోగ్యవంతుని క్లోమము రెండు విధములుగా పనిచేయును. ఏమియు తినకున్నను రేయింబవళ్ళు కొద్దికొద్దిగా ఇన్సులిన్‌ను విడుచుచుండును. భోజనము చేసినపుడు మరికొంత విడుచును. చికిత్సలోను ఈ రెండు భాగములు కలవు. దీర్ఘకాలము పనిచేయునది మొదటిదానికి, త్వరగా పనిచేయునది రెండవదానికి. సాధారణముగా దినము మొత్తము మోతాదులో సుమారు సగము మొదటి భాగమునకు పోవును. భోజనపు మోతాదు మాత్రము పళ్ళెములోనిదానిని, ఆ సమయమున రక్తములోనున్న చక్కెరను బట్టి మారుచుండును.

ఒక ఉదాహరణము చూతము. దినమునకు మొత్తము 36 యూనిట్లు పుచ్చుకొను యువకుడొకడు కలడనుకొందము. త్వరగా పనిచేయు ఇన్సులిన్ విషయమున వైద్యులు ఆరంభమునకు వాడు స్థూలమైన లెక్క ఒకటి కలదు. 500ను 36చే భాగించిన దాదాపు 14 వచ్చును. ఒక యూనిట్టు 14 గ్రాముల పిండిపదార్థమునకు చాలునన్నమాట. 1800ను 36చే భాగించిన 50 వచ్చును. ఒక యూనిట్టు డెసిలీటరు రక్తములోని చక్కెరను 50 మిల్లీగ్రాముల మేర తగ్గించునన్నమాట. అతడు మధ్యాహ్నము 150 గ్రాముల అన్నము తినబోవుచున్నాడు. అందులో పిండిపదార్థము సుమారు 42 గ్రాములు. దానికి 3 యూనిట్లు. భోజనమునకు ముందు చక్కెర 210 ఉన్నది, ఉండవలసినది 110. అదనముగానున్న 100కు 2 యూనిట్లు. వెరసి 5. పప్పులోను, పెరుగులోను, పండ్లలోను ఉన్న పిండిపదార్థమును, చక్కెరను గూడ లెక్కలో చేర్చవలెను. ఈ అంకెలు ఉదాహరణమునకు మాత్రమే. ఎవరి అంకెలు వారికి వైద్యుడే నిర్ణయింపవలెను. ఒకే మనిషికి ఉదయము ఒక తీరుగా, రాత్రి మరియొక తీరుగా ఉండుటయు కలదు.

ఇచట తొందరపాటు పనికిరాదు. భోజనమైన రెండు గంటలకు చక్కెర ఎక్కువగా కనబడినదని వెంటనే మరల సూది వేసికొన్నచో, మొదటి మందు ఇంకను పనిచేయుచుండగా రెండవది దానికి తోడగును. త్వరగా పనిచేయు ఇన్సులిన్ బలము నాలుగైదు గంటలు నిలుచును. దీర్ఘకాలపు మోతాదును ఒక్కనాటి అంకె చూచి మార్చరాదు. మూడు నాలుగు దినములు వరుసగా తెల్లవారి చక్కెర హెచ్చుగా ఉన్నచో, రాత్రి రెండు మూడు గంటల వేళ ఒకమారు పరీక్షించి, వైద్యునితో ఆలోచించి కొద్దిగా మార్చవలెను. ఇందులకు ఒక నోటుపుస్తకము కావలెను. చక్కెర, మోతాదు, తిన్నది, ఆడినది, జ్వరమున్నచో అదియు వ్రాసి ఉంచిన పుస్తకము ఎదుట ఉన్నపుడు వైద్యుని సలహా సూటిగా ఉండును.

కబడ్డీ ఆడిన సాయంకాలము, పొలమున శ్రమించిన దినము ఇన్సులిన్ అవసరము తగ్గును. ఆ ప్రభావము రాత్రి నిద్రలోను కొనసాగవచ్చును. చెమట, వణకు, గుండెదడ, ఆకలి, తికమక మాటలు చక్కెర పడిపోవుచున్నదనుటకు గుర్తులు. చక్కెర 70కి తగ్గినచో మూడు టీ చెంచాల పంచదారను నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను. పదునైదు నిమిషములకు మరల పరీక్షింపవలెను. స్మృతి తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు. గ్లూకగాన్ సూది ఉన్నచో ఇచ్చి, ఆసుపత్రికి చేర్పవలెను.

అన్నిటికంటె ప్రమాదకరమైన పొరపాటు మరియొకటి. బిడ్డకు జ్వరము వచ్చినది, ఏమియు తినుటలేదు, కనుక నేడు సూది వద్దని పెద్దలు తలంతురు. జ్వరములో దేహమునకు ఇన్సులిన్ తరచుగా హెచ్చుగనే కావలెను. అది లేనిచో దేహము క్రొవ్వును కరగించుకొనును. దానివలన కీటోన్లను ఆమ్లములు రక్తములో పేరుకొనును. వాంతులు, కడుపునొప్పి, దీర్ఘమైన ఆయాసము కనబడినచో క్షణము ఆలస్యము చేయరాదు. భోజనపు మోతాదును తగ్గింపవలసి రావచ్చును గాని, దీర్ఘకాలపు ఇన్సులిన్‌ను జ్వరమునాడైనను, ఏకాదశినాడైనను వైద్యుని మాట లేక మానరాదు. నాటువైద్యమును నమ్మి మానిపించుటయు ప్రాణాపాయమే.

మోతాదు సరిగా లెక్కించినను కొలతలో తప్పు రావచ్చును. మన దేశమున సీసాలలో దొరకు ఇన్సులిన్ చాలవరకు మిల్లీలీటరునకు 40 యూనిట్ల బలము గలది. పెన్నులలోనిది సాధారణముగా 100 యూనిట్లది. 40 గుర్తుగల సిరంజితో 100 బలముగల మందును తీసినచో కోరినదానికి రెండున్నర రెట్లు లోనికి పోవును. సీసామీది అంకె, సిరంజిమీది అంకె ఒకటే అగునో కాదో ప్రతిమారును చూడవలెను. మన వేసవి ఎండకు మందు చెడును. రిఫ్రిజిరేటరు లేని ఇంట, ఒకదానిలో నొకటి పెట్టిన మట్టికుండల నడుమ తడి ఇసుక నింపి, లోపలి కుండలో సీసాను భద్రపరచుట మేలు. గడ్డకట్టిన మందును వాడరాదు.

ఇంత శ్రమ ఎందులకని కొందరడుగవచ్చును. అమెరికా, కెనడాలలో 1983 నుండి 1993 వరకు 1441 మందిపై ఒక గొప్ప పరిశోధన జరిగినది. చక్కెరను జాగ్రత్తగా అదుపులో ఉంచినవారిలో, అంతకుముందు ఆరోగ్యముగానున్న కన్నులకు జబ్బు వచ్చు అవకాశము 76 శాతము తగ్గినది. మూత్రపిండములకును, నరములకును మేలు కలిగినది. అయితే చక్కెర తీవ్రముగా పడిపోవుట వారిలో మూడింతలు హెచ్చినది. అందుచేతనే చక్కెరను తగ్గించుటతోపాటు, పడిపోకుండ చూచుకొనుటయు నేర్వవలెను.

ఉపాధ్యాయులకు, బంధువులకు మా విన్నపమొకటి. తరగతిలో బాలిక సూది వేసికొన్నను, పాఠము నడుమ పంచదార నోట వేసికొన్నను వింతగా చూడకుడు, అడ్డుచెప్పకుడు. ఆమె ఆ సమయమున తన లెక్కను సరిచేసికొనుచున్నది. పదేండ్ల పిల్లలు సైతము పెద్దల తోడ్పాటుతో ఈ లెక్కను చక్కగా నేర్చుకొనుచున్నారు.